రింగుల జుట్టుకు ఆరున్నర వేలు పెట్టాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి కూకట్‌పల్లిలో రూమ్ తీసుకుని ఉంటున్నాను. నాది చిన్నప్పటి నుంచీ రింగుల జుట్టు. స్కూల్లో అందరూ మ్యాగీ అని పిలిచేవాళ్లు. పొద్దున శుభ్రంగా దువ్వుకుంటే మధ్యాహ్నానికల్లా పిచ్చుక గూడులా లేస్తుంది. అందుకని రోజూ నూనె పెట్టి, గట్టిగా లాగి జడో ముడో వేసుకుంటాను. ఆఫీసులో మా మేడమ్ ఒకసారి "క్లయింట్లు వచ్చినప్పుడు జుట్టు కాస్త నీట్‌గా ఉంచుకో" అన్నారు. శ్రావణంలో మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క పెళ్లి. ఈలోపు స్ట్రెయిటెనింగ్ చేయించుకోమని అమ్మ ఒకటే పోరు. సెలూన్‌లో అడిగితే కెరాటిన్‌కు ఆరున్నర వేలు, స్ట్రెయిటెనింగ్‌కు ఇంకా ఎక్కువ అన్నారు. నా జీతం ఇరవై రెండు వేలు. అద్దె, ఇంటికి పంపేది పోతే మిగిలేది ఎంతో మీకు తెలుసు. వీడియోలు చూసి ఏవేవో రాస్తే జుట్టు జిడ్డుగా తయారైంది. రూమ్‌లో స్టవ్ ఉంది, ఫ్రిజ్ లేదు. వచ్చేది బోరు నీళ్లు. ఇంట్లోనే ఏమైనా చేసుకోవచ్చా? పెళ్లికి ముఖానికి, చేతులకు కూడా తక్కువ ఖర్చులో ఏదైనా చెప్పండి. అమ్మకు ఎలా చెప్పాలో కూడా అర్థం కావడం లేదు.

జవాబు: చెల్లీ, ఆ ఆరున్నర వేలు నీ దగ్గరే ఉంచుకో. పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. రింగుల జుట్టును చక్కగా కనపడేలా చేసుకోవడానికి ఆ టైమ్ చాలు, ఖర్చు ఏడెనిమిది వందలు దాటదు. నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "పొద్దున శుభ్రంగా దువ్వుకుంటే మధ్యాహ్నానికల్లా లేస్తుంది" అన్నావు. అంటే పొడి జుట్టును దువ్వుతున్నావు. నీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంది. సాఫీ జుట్టుకు చేయాల్సినవన్నీ నీ జుట్టుకు చేస్తున్నావు. అందులో నీ తప్పేం లేదు. మన ఇళ్లలో నూనె, దువ్వెన, బిగుతు జడ తప్ప ఇంకో పద్ధతి ఎవరూ చెప్పలేదు కదా.

ముందు సెలూన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అమ్మ మళ్లీ అడుగుతుంది. జుట్టు తయారయ్యేదే కెరాటిన్ అనే ప్రొటీన్‌తో. కాబట్టి కెరాటిన్ ట్రీట్‌మెంట్ అంటే జుట్టుకు బలం పెట్టే పని అనిపిస్తుంది. కానీ అక్కడ జుట్టును సాఫీగా చేసేది ఆ ప్రొటీన్ కాదు. దాంతో కలిపే రసాయనం, ఆ పైన 200 డిగ్రీలు దాటిన వేడితో పాయపాయనూ ఇస్త్రీ చేయడం. చాలా రకాల్లో ఆ రసాయనం ఫార్మాల్డిహైడ్, లేదంటే వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్‌ను వదిలేది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. ఇస్త్రీ చేసేటప్పుడు కళ్లు మండటం, గొంతు పట్టేయడం ఆ పొగ వల్లే. నువ్వు ఏడాదికోసారి పీలుస్తావు, అక్కడ పనిచేసే అమ్మాయిలు రోజూ పీలుస్తారు. నాకు అదీ బాధే.

ఫార్మాల్డిహైడ్ లేదని డబ్బా మీద రాసినవి కొన్నిటిలో గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంటుంది. 2024లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు చెప్తాను. 26 ఏళ్ల అమ్మాయి, వేరే జబ్బేమీ లేదు. మూడుసార్లు జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాడిన క్రీములో ఉన్నది ఈ యాసిడే. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. కానీ ఒక్క పెళ్లి ఫొటోల కోసం ఆ అవకాశం తీసుకోవాలా అన్నది ఆలోచించు.

ఇక పూర్తి స్ట్రెయిటెనింగ్. జుట్టుకు రింగు ఆకారం నిలబెట్టే గట్టి బంధాలు ఉంటాయి. వాటిని మందుతో తెంచి, జుట్టును సాఫీగా లాగి, మళ్లీ అతికిస్తారు. అలా మారిన జుట్టు మళ్లీ రింగు తిరగదు. కానీ కుదుళ్ల నుంచి కొత్త జుట్టు నెలకు సుమారు అర అంగుళం చొప్పున వస్తూనే ఉంటుంది, వచ్చేది రింగులుగానే. ఆరు నెలలకు నెత్తి మీద మూడంగుళాలు ఉంగరాలు, కింద బారుగా గడ్డిపోచలు. రెండూ కలిసే చోట జుట్టు బలహీనమై తెగుతుంది. అప్పుడు టచప్ అంటారు, మళ్లీ డబ్బు. నీ జుట్టు, నీ ఇష్టం, సాఫీగా ఉంటేనే నీకు నిజంగా నచ్చుతుందంటే అది వేరే మాట. నీ ఉత్తరంలో మాత్రం నాకు అలా కనపడలేదు. అమ్మ అంటుంది, మేడమ్ అన్నారు, స్కూల్లో అన్నారు అని రాశావు తప్ప, నాకు కావాలి అని ఎక్కడా రాయలేదు.

నీ జుట్టు మధ్యాహ్నానికి ఎందుకు లేస్తుందో చెప్తాను. మాడు నుంచి వచ్చే సహజమైన నూనె సాఫీ జుట్టు మీద సులువుగా కిందికి జారుతుంది. రింగుల జుట్టులో ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే కుదుళ్ల దగ్గర జిడ్డు, చివర్లలో పొడి, రెండూ ఒకేసారి ఉంటాయి. పొడిబారిన వెంట్రుక గాలిలో తేమ కోసం చూస్తుంది, తేమ అందగానే ఉబ్బి పైకి లేస్తుంది. దానికి తోడు, కలిసి ఒక రింగుగా తిరిగిన పది ఇరవై వెంట్రుకలను దువ్వెన విడదీసేస్తుంది. విడిపోయినవి తలా ఒక దారి పడతాయి. తడిసినప్పుడు జుట్టులో ఉండే చిన్న చిన్న బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ కట్టుకుంటాయి. కాబట్టి ఆరే సమయంలో జుట్టు ఏ ఆకారంలో ఉంటే మళ్లీ తడిసేదాకా అదే ఆకారంలో ఉంటుంది. మన పనంతా జుట్టు తడిగా ఉన్నప్పుడే అయిపోవాలి. ఆరిన తర్వాత దువ్వెన ముట్టుకోకూడదు.

ఈ ఆదివారం ఒక పరీక్ష చేయి. తలంటుకుని, ఏమీ రాయకుండా, దువ్వకుండా, తుండుతో రుద్దకుండా ఊరికే ఆరనివ్వు. అద్దంలో చూసుకో. సన్నటి రింగులు తిరిగాయా, అలలుగా పడిందా, పైన సాఫీగా ఉండి లోపల రింగులు ఉన్నాయా? మన వైపు జుట్టులో ఎక్కువగా కనపడేవి అలలూ, వదులు రింగులూ. నువ్వు చూసిన వీడియోలు చాలావరకు ఆఫ్రికా మూలాలున్న వాళ్ల దగ్గరి చుట్టల జుట్టు కోసం చేసినవి అయి ఉంటాయి. వాళ్ల జుట్టుకు షియా బటర్ లాంటి చిక్కటి వెన్నలు, మందపు క్రీములు పనికొస్తాయి. అవే మన జుట్టుకు రాస్తే బరువుకు సాగిపోయి అట్టకట్టినట్టు ఉంటుంది. నీకు జిడ్డైంది అందుకే.

ఇప్పుడు తలస్నానం. వారానికి రెండుసార్లు చాలు. ముందు రోజు రాత్రి, లేదా స్నానానికి ఓ రెండు గంటల ముందు కొబ్బరినూనె రాయి. ఖరీదైనది అక్కర్లేదు. 2003లో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూస్తే, ఉతికినప్పుడు జుట్టులోని ప్రొటీన్ పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లేలే, అయినా కారణం సరైనదే. అందులోని లారిక్ యాసిడ్ వెంట్రుక లోపలికి ఇంకుతుంది. కానీ రోజూ పొద్దున రాసుకుని ఆఫీసుకు వెళ్లే నూనె ఆపేయి. నూనె జుట్టుకు తేమ ఇవ్వదు, పైన దుమ్ము అంటుకోవడానికి పనికొస్తుంది. చుండ్రు ఉంటే మాడుకు అసలే వద్దు, చివర్లకు మాత్రం రాయి. చుండ్రు తెచ్చే ఫంగస్‌కు నూనె ఇష్టమైన తిండి.

షాంపూను మగ్గు నీళ్లలో కలిపి మాడుకు మాత్రమే పట్టించు. వేళ్ల చివర్లతో రుద్దు, గోళ్లతో కాదు. కింది జుట్టుకు ఆ నురగ జారితే చాలు. జుట్టంతా నెత్తి మీద కుప్పగా పెట్టి గుడ్డలుతికినట్టు ఉతకడం మానేయి. కుంకుడుకాయలు అలవాటుంటే వాడుకో, కానీ రసాన్ని పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టు. రింగుల్లో కుంకుడు పిప్పి ఇరుక్కుంటే తీయడం నరకం. పైగా కుంకుడు, శీకాయ కూడా జుట్టును పొడిబారుస్తాయి, వాటి తర్వాత కూడా కండిషనర్ కావాల్సిందే.

కండిషనర్ మాత్రం కొనాల్సిందే, ఇందులో పొదుపు చేయకు. వంద, నూట యాభైకి దొరికే మామూలు రకం సరిపోతుంది. చెవుల దగ్గర నుంచి చివర్ల దాకా ధారాళంగా పట్టించి, అది ఉండగానే చిక్కు తీయి. పెద్ద పళ్ల దువ్వెన తీసుకుని చివర్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. వారంలో దువ్వెన తగిలేది ఈ ఒక్కచోటే. ఊడిన వెంట్రుకలు చేతికి చాలా వస్తాయి, కంగారు పడకు. మిగతా రోజుల్లో రాలాల్సినవి రింగుల్లో చిక్కుకుని ఉండి ఒక్కసారి బయటికొస్తాయి. ఖమ్మం వెళ్లినప్పుడు ఇంట్లో మందార చెట్టు ఉంటే పది ఆకులు నీళ్లలో నలిపి చూడు. చేతికి జారిపోయే జిగురు వస్తుంది. వడకట్టి తలకు పట్టిస్తే చిక్కు ఎంత తేలిగ్గా వస్తుందో చూస్తావు.

బోరు నీళ్లంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న ఉప్పు నీళ్లు. అవి జుట్టు మీద పేరుకుంటే ఏం రాసినా లోపలికి పోదు, తాకితే గరుగ్గా ఉంటుంది. స్నానం మొత్తం తాగే నీళ్లతో చేయలేవు కానీ, చివరి రెండు మగ్గులు ఫిల్టర్ నీళ్లు పోసుకోవచ్చు. నెలకు రెండుసార్లు ఆ చివరి మగ్గులో ఒక టీస్పూన్ వెనిగర్ కలుపుకో. నిమ్మకాయ నేరుగా మాడు మీద రుద్దడం, వంట సోడా కలపడం లాంటివి ఎవరు చెప్పినా చేయకు. సోడా వెంట్రుక పైపొరను లేపేస్తుంది, ఆ జుట్టును బాగుచేయడం చాలా కష్టం.

ఇక అసలు సంగతికి వచ్చాను. రింగులను పట్టి నిలపడానికి సెలూన్‌లో జెల్ అమ్ముతారు. నువ్వు అవిసె గింజలతో చేసుకో. కిరాణా కొట్లో వంద గ్రాములు కొంటే నాలుగైదు సార్లకు వస్తాయి. రెండు టేబుల్ స్పూన్ల గింజలు, ఒక గ్లాసు నీళ్లు గిన్నెలో పోసి మధ్య మంట మీద పెట్టు. కలుపుతూనే ఉండాలి, లేకపోతే అడుగున అతుక్కుంటాయి. మూడు నాలుగు నిమిషాలకు అంచుల్లో తెల్లటి నురగ కనపడుతుంది. మరో రెండు మూడు నిమిషాలకు గరిటె పైకెత్తితే నీళ్లు చుక్కలుగా పడకుండా తీగలా సాగుతాయి. గుడ్డులోని తెల్లసొన ఎలా ఉంటుందో అలా ఉన్నప్పుడు వెంటనే దించేయి. ఇంకో రెండు నిమిషాలు ఉంచావంటే ముద్దై గింజల నుంచి విడిపోదు. వేడిగా ఉండగానే వడకట్టాలి, చల్లారితే ఒక్క చుక్క కిందికి దిగదు. టీ జల్లెడ పనికిరాదు. శుభ్రంగా ఉతికిన పాత నైలాన్ సాక్సు గానీ, పల్చటి చున్నీ ముక్క గానీ గిన్నె మీద పరిచి, గింజలు పోసి, మూట కట్టి పట్టకారుతో నొక్కు. చేత్తో పిండితే కాలుతుంది. దిగిన జెల్ చల్లారాక వాడుకో. మీకు ఫ్రిజ్ లేదు కాబట్టి ఏ రోజుకు ఆ రోజే చేసుకోవాలి. ఫ్రిజ్ ఉంటే వారం నిలవ ఉంటుంది. నీ దగ్గర మిగిలింది మాత్రం మర్నాటికి దాచకుండా పారబోయి. మీ ముగ్గురూ ఆదివారం తలంటుకుంటే ఒకేసారి చేసుకుని పంచుకోండి.

రాయడంలో ఒక కిటుకుంది. బాత్రూమ్‌లోనే, జుట్టు నుంచి నీళ్లు కారుతుండగానే రాయాలి. తుడుచుకున్నాక రాస్తే జుట్టు అప్పటికే లేచిపోయి ఉంటుంది. తల ముందుకు వంచి, జెల్‌ను రెండు చేతులకూ పూసుకుని, పై నుంచి కిందికి పాయలుగా నిమిరి, ఆ తర్వాత చివర్ల నుంచి పైకి గుప్పిట పట్టి పిండు. చెవి దగ్గర పెట్టుకుని వింటే పచక్ పచక్‌మని చప్పుడు రావాలి. రాకపోతే నీళ్లు చాల్లేదన్నమాట, ఇంకో దోసిలి నీళ్లు చల్లుకో. తర్వాత పాత కాటన్ టీషర్టు గానీ, నాన్న వాడి వదిలేసిన మెత్తటి నూలు పంచె ముక్క గానీ తీసుకుని అదే తీరుగా కింది నుంచి పైకి నొక్కు. తుండు వద్దు, దాని నూలు పోగులు రింగులను చెదరగొడతాయి. ఫ్యాన్ కింద ఆరనివ్వు, ఆరేదాకా చెయ్యి పెట్టకు. ఇది అన్నిటికంటే కష్టమైన పని, చెయ్యి ఊరుకోదు. ఆరాక జుట్టు గట్టిగా, కరకరలాడుతూ ఉంటుంది. పాడైందనుకుని భయపడకు. రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని జుట్టును గుప్పిట పట్టి పిండుతూ పోతే ఆ పెళుసు పోయి మెత్తటి రింగులు మిగులుతాయి.

మొదటిసారి అంత బాగా రాదు. మూడు నాలుగు తలస్నానాల తర్వాత నీ జుట్టుకు ఎన్ని నీళ్లు, ఎంత జెల్ కావాలో నీ చేతికే తెలుస్తుంది.

రాత్రి పడుకునేటప్పుడు జుట్టంతా నడినెత్తి మీదికి తెచ్చి వదులుగా ఒక్క చుట్టు స్క్రంచీ వేయి. దిండుకు జారుడు గుడ్డ కావాలి. శాటిన్ లైనింగ్ గుడ్డ మీటరు కొని దర్జీ దగ్గర గలేబు కుట్టించుకో, అంతకంటే ఏం వద్దు. పొద్దున లేచాక లేచిన చోట మాత్రం తడి చేత్తో అద్ది, వేలికి చుట్టి వదిలేయి. మెట్రోలో, బస్సులో వెళ్లేటప్పుడు వదులుగా ముడి పెట్టి పెద్ద క్లచ్చర్ పెట్టుకో, ఆఫీసు చేరాక తీసేయి. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద అవి చవగ్గా దొరుకుతాయి. పెద్ద పళ్ల దువ్వెన కూడా అక్కడే తీసుకో.

లాగి వేసే జడ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఏళ్ల తరబడి కుదుళ్లు లాగితే కణతల దగ్గర, పాపిట ముందు జుట్టు పల్చబడుతుంది. మొదట్లోనే వదిలేస్తే తిరిగొస్తుంది, చాలా ఏళ్లు అలాగే సాగితే ఆ కుదుళ్లు మళ్లీ మొలవవు. జడ వేసుకున్నాక కనుబొమలు పైకి లేచినట్టు అనిపించినా, సాయంత్రం విప్పాక మాడు నొప్పి పెట్టినా అది ఎక్కువ బిగువే. ఇప్పటికే కణతల దగ్గర పల్చబడినా, పాపిట వెడల్పయినా, రూపాయి బిళ్లంత ఖాళీలు కనపడినా ఇంటి చిట్కాలతో కాలం గడపకు. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లు. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూపించుకో, మన అమ్మాయిల్లో జుట్టు రాలడానికి అవి చాలా మామూలు కారణాలు.

మీ మేడమ్ మాటకు వస్తే, వదులు ముడి, సగం జుట్టు వెనక్కి క్లిప్పు పెట్టిన రింగులు, రెండూ ఏ ఆఫీసులోనైనా నీట్‌గానే ఉంటాయి. ఆవిడ చూసింది మధ్యాహ్నం మూడింటికి లేచిపోయిన జుట్టును, పద్ధతి మారాక ఆ మాట అనే అవసరమే రాకపోవచ్చు. అయినా అంటే నొచ్చుకోకు, సిగ్గూ పడకు. సహజమైన జుట్టుతో బడికి, ఉద్యోగానికి వెళ్లే హక్కు కోసం అమెరికాలో నల్లజాతి స్త్రీలు ఏళ్లపాటు కొట్లాడారు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం జాతికి సంబంధించిన జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని చట్టం చేసింది. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. చుట్టల జుట్టును చూసి నీట్‌గా లేదు అనడం వాళ్లూ విన్నారు. మనం ఇప్పుడు ఇంట్లో చేసుకుంటున్న అవిసె జెల్ లాంటి పద్ధతులను ఇంతగా ప్రచారంలోకి తెచ్చింది కూడా చాలావరకు వాళ్లే.

ముఖానికీ చేతులకూ అడిగావు. ఆషాఢం మధ్యలో వస్తుంది కదా, గోరింటాకుతోనే మొదలుపెట్టు. ఖమ్మంలో ఎవరింట్లోనైనా చెట్టు ఉంటుంది. ఆకు రుబ్బేటప్పుడు కాస్త చింతపండు వేస్తే ఆ పులుపుకు రంగు బాగా దిగుతుంది. తీసిన రోజు నారింజగా ఉండి రెండో రోజుకు ముదురుతుంది, కాబట్టి పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టుకో. అరగంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్ల జోలికి పోకు. వాటిలో కొన్నిటిలో తలకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం కలుపుతారు, చేతి మీద బొబ్బలు లేచి మచ్చలు పడతాయి. గోరింటాకు తలకు పెట్టడం కూడా పెళ్లి అయ్యేదాకా వద్దు. జుట్టు పొడిబారి రింగులు వదులవుతాయి.

ముఖానికి రెండు చెంచాల పెసరపిండి, చిటికెడు పసుపు, కలపడానికి పెరుగు. వారానికి ఒక్కసారి. బిగుసుకుపోయేదాకా ఉంచకుండా, కాస్త తడిగా ఉండగానే నీళ్లు చల్లి కడిగేయి. గట్టిగా రుద్దడం ఒంటికైతే సరే, ముఖానికి కాదు. నలుగుపిండి బయట కొంటే బావంచాల గింజలు ఉన్నాయా అని అడుగు. పాత కాలం నుంచీ వేస్తారు, నిజమే. కానీ వాటిలో సోరలిన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. పెళ్లికి ముందు ఆ ప్రయోగం వద్దు. కొత్తది ఏది రాసినా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడు. పగిలిన మడమలకు రాత్రి కాళ్లు కడుక్కుని, తడి ఆరకముందే వాజెలిన్ రాసి సాక్సులు వేసుకుని పడుకో, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. ముఖానికి కొట్లో ఏదైనా కొనగలిగితే ఒక్కటే కొను, ఎస్పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్. ఫేషియల్‌కు పెట్టే డబ్బుతో రెండు నెలలకు సరిపడా వస్తుంది.

పెళ్లి రోజుకు జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు కదా, నీకైతే మామూలుగా ఒత్తు కోసం పెట్టే స్టఫింగ్ కూడా అక్కర్లేదు. పూలజడ వేసుకోవాలనుంటే సవరం విషయం చూసుకో. బజారులో దొరికే సవరాలు సాఫీగా ఉంటాయి, పైన రింగులు, కింద సాఫీ అతికినట్టు తెలిసిపోతుంది. మొదటి నుంచి చివరి దాకా పూలతో కప్పేసే జడైతే పరవాలేదు. లేకపోతే సవరం మానేసి నీ జుట్టుతోనే జడ అల్లి కింద జడకుచ్చులు పెట్టుకో, బరువూ తగ్గుతుంది. అల్లే ముందు జుట్టును కాస్త తడిపి జెల్ రాస్తే పాపిట దగ్గర ఒక్క వెంట్రుక లేవదు. ముందు వైపు రెండు మూడు ముంగురులు వదిలేయి. పాపిట బిళ్ల పక్కన అవి పడితే ఫొటోలో ఎంత అందంగా ఉంటాయో మీ అమ్మే చెప్తుంది. రిసెప్షన్‌కు సగం జుట్టు పైకి తీసి ముడి వేసి, చుట్టూ సన్నజాజులో కనకాంబరాలో చుట్టి, మిగతా రింగులు భుజాల మీద వదిలేయి. శ్రావణంలో వాన ముసురు ఉంటుంది, ఆ రోజుకు ఇస్త్రీ చేసి సాఫీ చేసుకున్న వాళ్ల జుట్టు కూడా ఆ గాలికి నిలవదు.

పెళ్లికి వచ్చే బ్యూటీషియన్‌తో ముందే ఫోన్‌లో మాట్లాడు. పొడి జుట్టు దువ్వద్దు, వెనక్కి దువ్వి పొంగించద్దు, ఇస్త్రీ వద్దు అని మూడు మాటలు చెప్పు. వాళ్లకు సాఫీ జుట్టు అలవాటు, చెప్పకపోతే కూర్చోబెట్టగానే దువ్వెన తీస్తారు.

అమ్మ సంగతి. పెళ్లిలో నలుగురూ చూస్తారు, సంబంధాలు కదులుతాయి అన్నది ఆమె మనసులో ఉండి ఉంటుంది. అమ్మలు ఆ మాట నేరుగా అనరు, జుట్టు మీద, రంగు మీద పెట్టి అంటారు. కాబట్టి ఫోన్‌లో వాదన పెట్టుకోకు. మూడో నాలుగో తలస్నానం అయ్యాక, ఆరిన రింగులతో, చక్కటి చీరలో ఒక ఫొటో తీయించుకుని పంపు. ఆ తర్వాత కిడ్నీ కేసు సంగతీ, ఆరు నెలలకు మళ్లీ డబ్బు పెట్టాలన్న సంగతీ చెప్పు. "ఈ రెండు నెలలు నా పద్ధతిలో చూద్దాం, నచ్చకపోతే అప్పుడు మాట్లాడదాం" అను. పూర్తిగా కాదంటే ఏ అమ్మా ఒప్పుకోదు, గడువు అడిగితే ఒప్పుకుంటుంది. ఊరెళ్లినప్పుడు నూనె ఆమెతోనే పెట్టించుకో, చిక్కు మాత్రం నువ్వే తీసుకో.

ఇంకొక్కటి మర్చిపోకు. పెళ్లికి మూడు వారాల ముందు చివర్లు ఒక అంగుళం కత్తిరించుకో, చీలిన చివర్లు ఏ జెల్‌కూ లొంగవు. కత్తిరించే వాళ్లకు తడిపితే జుట్టు సాగుతుందని, ఆరాక పైకి పోతుందని చెప్పి తక్కువే తీయమను. తలస్నానం పెళ్లి రోజు పొద్దున పెట్టుకోకు, ముందు రోజు పొద్దున చేయి. అప్పుడే కడిగిన జుట్టు జారిపోయి పిన్నులు నిలవవు.